హీరో మీద తిరగబడ్డ పాటలు

1972 జులైలో అమెరికా రికార్డు షాపుల్లోకి ఒక సినిమా పాటల ఎల్పీ వచ్చింది. ఆ సినిమా విడుదలైంది ఆగస్టులో. ముందు పాటలు, తర్వాత సినిమా అనే లెక్క మనకు కొత్తేం కాదు, ఆడియో ఫంక్షన్లు చూస్తూ పెరిగినవాళ్లమే. కాకపోతే మన దగ్గర పాటలు ముందొచ్చేది హీరోకి బిల్డప్ ఇవ్వడానికి. ఈ ఎల్పీ మాత్రం హీరో తెరమీద కనబడకముందే అతని మీద ఫిర్యాదు మొదలుపెట్టేసింది. అదీ అతని సినిమా పేరే పెట్టుకుని, అతని బొమ్మే అట్ట మీద వేసుకుని.

సినిమా పేరు 'సూపర్ ఫ్లై'. పాటలు కర్టిస్ మేఫీల్డ్‌వి. సోల్, ఫంక్ సంగీతంలో సమాజాన్ని పట్టించుకున్న ఆల్బమ్‌ల లిస్టు ఎవరు వేసినా ఇది పై వరసలో ఉంటుంది. అదే మనుషుల్ని సినిమా గురించి అడిగితే, కొకైన్ అమ్మేవాణ్ణి హీరోని చేసిన సినిమా అని పెదవి విరుస్తారు. కథ ఒకటే, పాత్రలు అవే, పేరూ అదే. మరి సినిమా ఒక వైపు, పాటలు ఇంకో వైపు ఎలా నిలబడ్డాయి? దానికంటే గట్టి ప్రశ్న ఇంకోటి ఉంది. మత్తుమందు అమ్మేవాడి గురించి అంత మత్తెక్కించే బాణీ కట్టి, ఇది మత్తుకి వ్యతిరేకం అంటే నమ్మేదెలా?

ముందు కథ. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో యంగ్‌బ్లడ్ ప్రీస్ట్ అనే కొకైన్ డీలర్ ఉంటాడు. పొడవాటి కోటు, సోకు చేసిన కాడిలాక్ కారు, మెడలో శిలువ ఆకారంలో చిన్న చెంచా. ఆ చెంచాతోనే పొడి పీలుస్తాడు. ఈ దందా మీద విసుగొచ్చింది. చివరిసారిగా ఒక పెద్ద బేరం చేసి, మిలియన్ డాలర్లు వెనకేసుకుని బయటపడాలని ప్లాను. భాగస్వామి ఎడీకి ఇది నచ్చదు. ఇది కుళ్లు ఆటే, కానీ తెల్లవాడు మనకి మిగిల్చింది ఇదొక్కటే కదా అని వాదిస్తాడు. సినిమా మొత్తంలో ఆలోచించాల్సిన మాట అదే. పైనుంచి సరుకు నడిపించేది పోలీసు పెద్దలేనని తర్వాత తెలుస్తుంది. ప్రీస్ట్ వాళ్లకే ఎసరు పెట్టి, డబ్బుతో దర్జాగా వెళ్లిపోతాడు. ప్రీస్ట్‌గా వేసింది రాన్ ఓనీల్, దర్శకుడు గోర్డన్ పార్క్స్ జూనియర్. అంతకు ముందు ఏడాదే వాళ్ల నాన్న గోర్డన్ పార్క్స్ 'షాఫ్ట్' తీశాడు. ఆ హీరో డిటెక్టివ్. తండ్రి హీరో చట్టానికి కాస్త దగ్గరగా, కొడుకు హీరో పూర్తిగా అవతలి గట్టున.

పోలీసుల్నీ పెత్తందార్లనీ తెలివితో ఓడించి ప్రాణాలతో బయటపడే నల్ల హీరోని చూడ్డానికి జనం ఎగబడ్డారు. అప్పటిదాకా హాలీవుడ్ చూపించిన నల్ల పాత్రలు ఎక్కువగా సేవకులో, మహాత్ములో, మధ్యలో చచ్చిపోయేవాళ్లో. కాబట్టి ఆ ఈలల్ని అర్థం చేసుకోవచ్చు. కానీ హక్కుల సంఘాలకి ఒళ్లు మండింది. నల్లవాళ్ల హక్కుల కోసం పనిచేసే ఎన్ఏఏసీపీ అనే సంఘం హాలీవుడ్ శాఖ నాయకుడు జూనియస్ గ్రిఫిన్ ఈ రకం సినిమాలకి 'బ్లాక్స్‌ప్లాయిటేషన్' (బ్లాక్, ఎక్స్‌ప్లాయిటేషన్ కలిపి, అంటే నల్లవాళ్లని వాడుకుని సొమ్ము చేసుకోవడం) అని పేరు పెట్టి దుమ్మెత్తిపోశాడు. మన పిల్లలకి మీరు చూపించే ఆదర్శం ఈ డీలరేనా అన్నది వాళ్ల ప్రశ్న. దర్శకుడు నల్లవాడు, పెట్టుబడిలో కొంత హార్లెమ్ వ్యాపారులది, సిబ్బందిలో చాలామంది నల్లవాళ్లే, ఇన్నాళ్లకి మాకు పని దొరికింది, దాన్నీ చెడగొడతారా అన్నది ఇవతలివాళ్ల జవాబు. రెండు వైపులా న్యాయం ఉన్న గొడవ ఇది.

మేఫీల్డ్ సరిగ్గా ఈ గొడవ మధ్యలో ఉన్నాడు. అతను ఎవరో తెలిస్తే అది ఎంత విచిత్రమో తెలుస్తుంది.

1942లో షికాగోలో పుట్టాడు. నాయనమ్మ చర్చిలో బోధకురాలు, పాటలు అక్కడే ఒంటబట్టాయి. పెరిగింది కబ్రీనీ-గ్రీన్ అనే ప్రభుత్వ ఇళ్ల సముదాయంలో. గిటార్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పియానో మీద నల్ల మెట్లు ఎలా పలుకుతాయో చూసుకుని, గిటార్ తీగల్ని ఆ స్వరాలకి బిగించుకున్నాడు. అందరి గిటార్ ట్యూనింగ్ వేరు, ఇతనిది వేరు. అతని వాయింపుని ఇంకొకరు అచ్చంగా పట్టుకోలేకపోవడానికి ఇదొక కారణం. ఇంప్రెషన్స్ బృందంతో 1964లో 'కీప్ ఆన్ పుషింగ్', 1965లో 'పీపుల్ గెట్ రెడీ' పాడాడు. పౌరహక్కుల ఊరేగింపుల్లో జనం పాడుకున్న పాటలవి. ఆ తర్వాత వచ్చిన 'వియార్ ఎ విన్నర్'లో నల్లజాతి గర్వం ఎంత సూటిగా ఉందంటే, కొన్ని రేడియో స్టేషన్లు వెయ్యడానికి వెనకాడాయి. 1968లో సొంత రికార్డు కంపెనీ కర్టమ్ పెట్టుకున్నాడు. 1970లో బృందం వదిలి ఒంటరిగా పాడటం మొదలుపెట్టాడు. ఇలాంటి మనిషి దగ్గరికి, న్యూయార్క్‌లో కచేరీ అయ్యాక తెరవెనక, సినిమావాళ్లొచ్చి డ్రగ్ డీలర్ కథ చేతిలో పెట్టారు. షికాగోకి తిరిగెళ్లే విమానంలోనే రాయడం మొదలుపెట్టానని అతనే చెప్పుకున్నాడు.

ఎందుకు ఒప్పుకున్నాడు? ఆ మనుషులు అతనికి తెలుసు కాబట్టి. ప్రీస్ట్ లాంటివాళ్లూ, సినిమాలో అతని కింద పనిచేసి బలైపోయే ఫ్రెడీ లాంటివాళ్లూ కబ్రీనీ-గ్రీన్‌లో పక్క వాటాల్లోనే ఉండేవాళ్లు. పైగా ఆల్బమ్ మొదటి పాట 'లిటిల్ చైల్డ్ రన్నింగ్ వైల్డ్' ఈ సినిమా కోసం పుట్టింది కూడా కాదు. అంతకు ముందే 'ఘెటో చైల్డ్' అనే పేరుతో డెమో చేసి పెట్టుకున్నాడు. తండ్రి లేని ఇల్లు, రోడ్డున పడ్డ పిల్లాడు, చివరికి మత్తు. సినిమా కథ డీలర్ కోటుతో మొదలైతే, ఆల్బమ్ ఆ కోటు తొడుక్కోకముందున్న పిల్లాడితో మొదలవుతుంది. ఎవడూ డీలర్‌గా పుట్టడు అనే ఉపన్యాసం ఎక్కడా ఉండదు, పాటల వరసే ఆ పని చేసేస్తుంది.

ఇక్కడ సంగీతం గురించి రెండు ముక్కలు. సోల్ అనేది చర్చి పాటలోంచి బయటికొచ్చింది. గొంతే దానికి ప్రాణం, దేవుడి మీద పెట్టిన ఆర్తిని ప్రేమ మీదా బతుకు మీదా పెడుతుంది. ఫంక్ ఒళ్లు కదిలించే సంగీతం. 1960లలో జేమ్స్ బ్రౌన్ బృందం దీన్ని ఒక దారిలో పెట్టింది. రాగం ఎక్కడెక్కడికో తిరగదు. బేస్, డ్రమ్స్, గిటార్ ఒకే చిన్న తునకని పట్టుకుని మొదటి దెబ్బ మీద గట్టిగా ఊని, మళ్లీ మళ్లీ తిప్పుతాయి. వినేవాడు ఆ సుడిలోంచి బయటికి రాలేడు, రావాలనీ అనిపించదు. మేఫీల్డ్ ఈ రెంటినీ కలిపిన తీరు వేరు. కింద దరువు ఫంక్‌ది, పైన పాడేది మాత్రం గుసగుసలాంటి సన్నటి దొంగ గొంతు (ఫాల్సెటో). ఫంక్‌లో అందరూ అరిచే చోట ఇతను చెవిలో చెబుతాడు. వీటి మీద వాద్యాల కూర్పు చూసిన జానీ పేట్ వయొలిన్లు, హార్ప్, ఫ్లూట్, బాకాలు పరిచాడు. మాటలు లేని రెండు వాద్య గీతాల క్రెడిట్ దగ్గర తర్వాత ఇద్దరికీ చెడింది, అది వేరే కథ.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. 'పుషర్‌మాన్', అంటే మత్తుమందు అమ్మేవాడు.

బేస్, కాంగా డప్పులు, వా-వా గిటార్ కలిసి ఒక సన్నటి చప్పుడు మొదలుపెడతాయి. కాంగా వాయించింది 'మాస్టర్' హెన్రీ గిబ్సన్, బేస్ జోసెఫ్ 'లక్కీ' స్కాట్. శ్రుతి పెద్దగా మారదు, ఎక్కడా పేలదు. మేఫీల్డ్ డీలర్ గొంతుతో, 'నేను' అంటూ పరిచయం చేసుకుంటాడు. మీ అమ్మని నేనే, నాన్నని నేనే, సందులో నిలబడ్డవాణ్ణీ నేనే, అవసరానికి డాక్టర్నీ నేనే అనే వరసలో సాగుతుంది. ఇది బెదిరింపు కాదు, సేల్స్‌మన్ మాట. లోకాన్ని నీకెలా కావాలంటే అలా చేసుకో, ఖరీదు ఇంత. ఒంటరిగా ఉన్న పిల్లాడికి ఈ మాట ఎందుకు ఎక్కుతుందో వింటుంటే మనకే తెలుస్తుంది, ఎందుకంటే మనకీ ఎక్కుతోంది కాబట్టి. తల ఆడుతుంటుంది.

తర్వాత మధ్యలో ఒక చోట దరువు అలాగే ఉండగా మాట మారుతుంది. ఇదే డీలర్ తనని తాను వాడ కోరికలకి బలైనవాణ్ణంటాడు. ఈ సుఖం ఎన్నాళ్లుంటుంది అనే భయం బయటపెడతాడు. ఒక్క క్షణమే. మళ్లీ అమ్మకం మొదలు. సంగీతం ఆ భయాన్ని ఎత్తి చూపించదు, వయొలిన్లు ఏడవవు. నాకు ఆల్బమ్ మొత్తంలో అన్నిటికంటే తెగువ ఇక్కడే కనిపిస్తుంది. ఇంకొకరైతే అక్కడ బాణీ మార్చి, ఇదిగో ఇప్పుడు నీతి చెప్తున్నా వినండి అని గంట కొట్టేవారు.

సినిమా ఈ పాటని రెండు సార్లు వాడుకుంది. ఒకసారి క్లబ్బులో మేఫీల్డ్ బృందమే వేదిక మీద పాడుతూ కనిపిస్తుంది. ఇంకోసారి అసలు డైలాగు లేకుండా, తెరని ముక్కలు చేసి, నిశ్చల ఫొటోలు వరసగా వేస్తూ: పొడి తూకం, పొట్లాలు, చేతులు మారడం, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ అందరూ పీలుస్తుండటం. తీసిన పద్ధతి చాలా బాగుంటుంది. అదే గొడవ. పాటలో అమ్మేవాడి భయం ఉంది, ఆ బొమ్మల్లో అమ్మకం మాత్రమే ఉంది. స్క్రిప్ట్ చదివినప్పుడు తెలియలేదుగానీ తెరమీద చూస్తే కొకైన్‌కి ప్రకటనలా అనిపించిందని మేఫీల్డ్ తర్వాత చెప్పాడు. అందుకే మాటలతో దానికి ఎదురెళ్లాల్సి వచ్చిందంటాడు.

ఆ ఎదురెళ్లడం బాగా కనిపించేది 'ఫ్రెడీస్ డెడ్'లో. సినిమాలో ఫ్రెడీ చిన్న పాత్ర. ప్రీస్ట్ కింద పనిచేసే లావుపాటి, మెతక మనిషి. పోలీసులు పట్టుకుని చితకబాదితే నోరు విప్పుతాడు, పారిపోబోతూ కారు కింద పడి చచ్చిపోతాడు. కథ ఆగదు, ప్రీస్ట్ సంగతేమిటన్నదే అందరి టెన్షన్. మన సినిమాల్లో హీరో పక్కన ఉండే నమ్మకస్తుడైన అనుచరుడు చచ్చిపోయాక ఎవరూ గుర్తుపెట్టుకోరు చూడండి, అదే లెక్క. మేఫీల్డ్ ఆ మనిషిని పట్టుకున్నాడు. అందరూ వాడుకున్నారు, చీల్చారు, ఇప్పుడు పోయాడు, ఇంకొకడు ఆ మూల మీదకి వస్తాడు అని పాడాడు. ఆ పాటలో రాకెట్లని నడపగలం గానీ వాస్తవాన్ని ఏం చేయాలో తెలియదనే మాట ఒకటుంది. అదే 1972లో అపోలో 16, అపోలో 17 చంద్రుడి మీదకి వెళ్లొచ్చాయి. ఆ ఒక్క మాటతో ఫ్రెడీ చావు హార్లెమ్ సందులోంచి దేశం ఖాతాలోకి వెళ్లింది.

ఈ పాటే సినిమాకంటే ముందు సింగిల్‌గా బయటికొచ్చి, బిల్‌బోర్డ్ పాప్ లిస్టులో 4వ స్థానం దాకా వెళ్లింది. అంటే ప్రీస్ట్ పేరు వినకముందే లక్షలమంది ఫ్రెడీ చచ్చిపోయాడని వినేశారు. తమాషా ఏంటంటే, సినిమాలో ఈ బాణీ ఉంది, మాటలు లేవు. వాద్యాల మీదే వాడుకున్నారు. సినిమాకి ఆ ఊపు కావాలి, ఆ ఫిర్యాదు అక్కర్లేదు. దీని వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. మాటలు సినిమాలో వినిపించవు కాబట్టి ఉత్తమ గీతం ఆస్కార్‌కి పాట పోటీలోకే రాలేకపోయింది. అంతకు ముందు ఏడాది సినిమా 'షాఫ్ట్' పాటకి మాత్రం 1972 ఏప్రిల్‌లో ఐజక్ హేస్ ఆస్కార్ అందుకున్నాడు, షాఫ్ట్‌ని పొగిడే పాటకి.

మిగతావాటిలో ప్రేమ పాట 'గివ్ మీ యువర్ లవ్' అందంగా ఉంటుంది, స్నానాల తొట్టి సీనుకి కావాలి కాబట్టి ఉంటుంది, అంతే. 'ఎడీ యూ షుడ్ నో బెటర్' చిన్నది, మిత్రద్రోహం చేసిన ఎడీని ఇంట్లో పెద్దన్నయ్య మందలించినట్టు. 'నో థింగ్ ఆన్ మీ' ఆల్బమ్‌లో నాకు తక్కువ నచ్చిన పాట. నాకు ఏ పొడీ అక్కర్లేదు, బతుకే నాకు కిక్కు అని హాయిగా చెప్పేస్తుంది. మంచి మాటే. అయితే 'పుషర్‌మాన్' మనల్ని లాగినంతగా ఈ పాట లాగదు. మొత్తం ఆల్బమ్ ఇలాగే ఉండుంటే ఇవాళ ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

టైటిల్ పాట దగ్గర మళ్లీ ముడి పడుతుంది. పైపైన వింటే ఇది హీరో ఎలివేషన్ పాటే. బాకాలు, బేస్, భలే మగాడు అనే మెచ్చుకోలు, అన్నీ ఉన్నాయి. కాస్త చెవి పెడితే వేరే సంగతులు వినిపిస్తాయి. ఇతని కల ఏమిటని అడిగితే అతనికే తెలియదట. అందరిలా ఉండకూడదనేది తప్ప ఇంకేం చెప్పలేడట. టైమ్ అయిపోతోందట, సంతోషం మాత్రం లేదట. సినిమా చివర ప్రీస్ట్ గెలిచి వెళ్తున్నప్పుడు వినిపించేది ఈ పాటే. అంటే బొమ్మ గెలుపు చూపిస్తుంటే, గొంతు ఆ గెలుపు లెక్క సరిచూస్తోంది. ఎంతమంది ప్రేక్షకులు ఆ మాటలు విన్నారంటే, చాలా తక్కువమందే అయ్యుంటారని నా అనుమానం. థియేటర్ బయటికొచ్చాక ఊళ్లో కనబడింది ఆ కోట్లూ, టోపీలూ, మెడలో చెంచాలూ. మేఫీల్డ్ అభిమానులు ఈ విషయం దగ్గర కాస్త తొందరగా ముందుకెళ్లిపోతారు. నాకు అలా వెళ్లడం సబబు అనిపించదు. మాటలు ఎంత పదునైనా, మనిషి ముందు వినేది దరువే. ఇది తెలిసే మేఫీల్డ్ ఆ దరువు కట్టాడు, దాని ఖర్చు కూడా ఆల్బమ్ మీదే పడుతుంది.

మరి ప్రీస్ట్ మీద అతనికి పూర్తి కోపం ఎందుకు లేదు? ఇక్కడ మేఫీల్డ్ జీవితం అడ్డొస్తుంది. ఎవరి కిందా ఉండకూడదు, సొంత సరుకు, సొంత లెక్క అనేది ప్రీస్ట్ కోరిక. మేఫీల్డ్‌దీ అదే. నల్ల గాయకుల పాటల హక్కులు కంపెనీల జేబుల్లోకి పోయే రోజుల్లో అతను ఆ హక్కుల్ని తన చేతిలో పెట్టుకున్నాడు, కంపెనీ తనదే పెట్టుకున్నాడు. 'సూపర్ ఫ్లై' వచ్చిందీ కర్టమ్ మీదే. బిల్‌బోర్డ్ ఆల్బమ్ లిస్టులో నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆల్బమ్ డీలర్‌ని ఎక్కడా రాక్షసుణ్ణి చెయ్యకపోవడానికి, వాడి ఆశని చులకన చెయ్యకపోవడానికి కారణం అదే అనుకుంటాను. ఆశ న్యాయమైనదే. దారి మాత్రం ఫ్రెడీ మీదుగా పోతుంది.

పక్కన పెట్టి చూడాల్సిన ఆల్బమ్‌లు ఉన్నాయి. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చింది. యుద్ధం, పేదరికం, కాలుష్యం, మత్తు అన్నిటి మీదా ప్రార్థన లాంటి రికార్డు. అదే ఏడాది చివర్లో స్లై స్టోన్ బృందం ఇచ్చింది మత్తు లోపలి నుంచే, నలిగిపోయిన గొంతుతో. గే పై నుంచి బాధపడతాడు, స్లై మునిగిపోతుంటాడు. మేఫీల్డ్ వీధి మలుపులో నిలబడి ఎవరేం చేస్తున్నారో చెబుతాడు. ఒక పాటలో డీలర్, ఇంకో పాటలో పోయినవాడి మనిషి, మరోదాంట్లో బుద్ధి చెప్పేవాడు. ఒక్క లోటు పెద్దది. ఇన్ని గొంతుల్లో ఆడవాళ్ల గొంతు ఒక్కటీ లేదు. ఫ్రెడీకి సినిమాలో భార్య ఉంది. ఆమె వైపు నుంచి ఒక్క చరణం కూడా లేదు.

చట్టం మాత్రం ఈ తేడాలేవీ చూడలేదు. 1971 జూన్‌లోనే అధ్యక్షుడు నిక్సన్ మత్తుమందుల్ని దేశానికి మొదటి శత్రువన్నాడు. 1973లో న్యూయార్క్ రాష్ట్రం గవర్నర్ రాక్‌ఫెల్లర్ పేరుతో పిలిచే చట్టాలు తెచ్చింది. రెండు ఔన్సుల కొకైనో హెరాయినో అమ్మి దొరికితే కనీసం 15 ఏళ్లు, పైన జీవితఖైదు. తర్వాతి దశాబ్దాల్లో ఆ చట్టాల కింద జైళ్లు నిండింది ఎక్కువగా చిల్లరగా అమ్మినవాళ్లతో, వాడినవాళ్లతో, వాళ్లలోనూ నల్లవాళ్లతో, లాటినోలతో. ప్రీస్ట్ లాంటివాళ్లు తక్కువ, ఫ్రెడీలు ఎక్కువ. అదే 1973లో 'సూపర్ ఫ్లై'కి రెండో భాగం వచ్చింది, మేఫీల్డ్ లేకుండా. పాటలు ఒసిబీసా బృందం చేసింది. సినిమా నిలబడలేదు. మేఫీల్డ్ ఆ ఏడాది వియత్నాం నుంచి ఇంటికొచ్చిన సైనికుల మీద 'బ్యాక్ టు ది వరల్డ్' చేసుకున్నాడు.

1990 ఆగస్టులో బ్రూక్లిన్‌లో ఆరుబయట కచేరీకి స్టేజి ఎక్కుతుండగా లైట్ల స్టాండు మీద పడి మెడ కింద నుంచి చచ్చుబడిపోయాడు. గిటార్ పోయింది. 1996లో వచ్చిన ఆఖరి ఆల్బమ్‌ని పడుకునే, ఒక్కో లైను విడివిడిగా పాడి పూర్తి చేశాడు. 1999 డిసెంబర్‌లో పోయాడు.

ఆ పాటల్ని తర్వాత ర్యాప్ వాళ్లు ముక్కలు ముక్కలుగా ఎత్తుకుని వాడుకున్నారు. ఎక్కువమంది ప్రీస్ట్ కోటు తీసుకున్నారు, ఫ్రెడీని వదిలేశారు. ఐస్-టీ వేరే దారి తొక్కాడు. 1988లో 'ఐయామ్ యువర్ పుషర్' అని 'పుషర్‌మాన్' బాణీ మీదే ఒక పాట చేశాడు. మత్తు కావాలని ఒకడు వస్తాడు, ఎంత ఇమ్మంటావని అడుగుతాడు. ఐస్-టీ అమ్మేది మాత్రం పాటలు. ఇది ఎక్కించుకో, ప్రాణం పోదు అని రికార్డులు చేతిలో పెడతాడు. వచ్చినవాడికి ఆ బేరం ఒకంతట అర్థం కాదు, మళ్లీ మళ్లీ పొడే అడుగుతుంటాడు.